గుర్తు లేకపోతే మనిషి లేనట్టేనా?

మతిమరుపు జబ్బు ముదిరిన పెద్దవాళ్ళ గురించి మనవాళ్ళు చాలా మామూలుగా ఒక మాట అనేస్తారు: "ఆవిడ ఇప్పుడు ఆవిడ కాదు. మనిషి ఉందంతే." ఓదార్చడానికే అంటారు, అందులో చెడ్డ ఉద్దేశం ఉండదు. కానీ ఆ మాట తప్పు. ఎందుకు తప్పో అద్వైతం (అందరిలోనూ ఉన్న ఎరుక ఒక్కటే, అదే బ్రహ్మం అనే శంకరుల వేదాంతం) చెప్పినంత స్పష్టంగా నాకు ఇంకెక్కడా దొరకలేదు. అదే అద్వైతం పేరు చెప్పి మా అమ్మ విషయంలో కొందరు అన్న మాటలు కూడా తప్పేనని నా అభిప్రాయం. రెండూ ఇక్కడ రాస్తాను.

మాది ఒడిశాలో గజపతి జిల్లా, పర్లాకిమిడి. సరిహద్దు దాటితే పాతపట్నం. అమ్మ పుట్టిల్లు ఆ పాతపట్నం దగ్గర పల్లె. పెళ్ళయి ఇటు వచ్చాకే ఒడియా నేర్చుకుంది. బజారులో బేరాలు, పక్కింటివాళ్ళతో కబుర్లు, కార్తీక మాసంలో భాగవత టుంగి (భాగవతం చదివే ఊరి చావడి) దగ్గర కూర్చుని జగన్నాథ దాసు భాగవతం వినడం, అన్నీ ఒడియాలోనే సాగేవి. జబ్బు మొదలయ్యాక ముందు పోయింది ఆ ఒడియానే. పెద్దయ్యాక నేర్చుకున్న భాష చాలామందిలో ముందు జారిపోతుందని డాక్టరు తరవాత చెప్పారు. ఆ తరవాత సంగతులు పోయాయి: నాన్న చనిపోవడం, ఇల్లు కట్టడం, చెల్లి పెళ్ళి. తరవాత నేను పోయాను. ఇప్పుడు అమ్మ నన్ను "మీరు ఎవరి తాలూకు బాబూ?" అని మర్యాదగా అడుగుతుంది.

ఇది మా ఒక్క ఇంటి గోడు కాదు. దేశంలో 60 దాటినవాళ్ళలో దాదాపు 88 లక్షల మందికి ఈ రకం జబ్బు ఉందని 2023లో వెలువడిన ఒక జాతీయ అధ్యయనం అంచనా వేసింది. అంటే ఈ ప్రశ్న లక్షల ఇళ్ళలో ఉంది. చాలా ఇళ్ళలో దాన్ని పైకి అనరు.

సరిహద్దులో బతికేవాళ్ళకి ఈ ప్రశ్న ఇంకాస్త గట్టిగా తగులుతుందని నాకు అనిపిస్తుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి జమీందారీలో ఒక భాగం, పట్నంతో సహా, ఇటు వచ్చింది. మిగతాది మద్రాసు వైపు ఉండిపోయింది. అప్పటినుంచీ మా కుటుంబాల్లో వియ్యాలు అటు, ఓట్లు ఇటు. బళ్ళో చేర్చినా, రేషన్ కార్డుకి వెళ్ళినా, రైల్లో పక్క సీటాయన అడిగినా మేం ఎవరిమో చెప్పుకోవాలి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ముత్తాతది ఫలానా ఊరు, అందుకని ఇక్కడ ఉన్నాం. ఈ కథ చెప్పీ చెప్పీ "నేను" అంటే ఈ కథే అని నమ్మేశాం. ఆ కథ ఒకరి నోట్లోంచి పూర్తిగా చెరిగిపోతే మనిషే చెరిగిపోయినట్టు మాకు భయం వేస్తుంది.

అసలు జ్ఞాపకం ఎక్కడుంటుంది? అద్వైతం దీనికి తడుముకోకుండా జవాబు చెప్తుంది. మనసు, బుద్ధి, చిత్తం, అహంకారం, ఈ నాలుగూ కలిసి అంతఃకరణం. గుర్తుపెట్టుకునే పని చిత్తానిది. నేను ఫలానా అని చెప్పుకునే పని అహంకారానిది. రెండూ లోపలి పనిముట్లే. కన్ను ఎలా పనిముట్టో చిత్తమూ అలాగే పనిముట్టు. కళ్ళు కనిపించని మనిషిని మనం "ఇప్పుడు ఆ మనిషి కాదు" అనం. చిత్తం పాడైన మనిషిని మాత్రం అనేస్తాం, ఎందుకంటే కన్ను నాది అనుకుంటాం కానీ జ్ఞాపకాన్ని నేనే అనుకుంటాం. ఈ కలగాపులగానికి శంకరులు పెట్టిన పేరు అధ్యాస. బ్రహ్మసూత్ర భాష్యాన్ని ఆయన దీనితోనే మొదలుపెట్టారు.

మా రాష్ట్రంలోనే ఉన్న పూరీ గోవర్ధన పీఠానికి సంప్రదాయం ప్రకారం వచ్చిన మహావాక్యం "ప్రజ్ఞానం బ్రహ్మ", అంటే ఎరుకే బ్రహ్మం. ఐతరేయోపనిషత్తులోది. దాన్ని గోడల మీద రాసి దండం పెట్టేవాళ్ళు ఆ వాక్యానికి కాస్త ముందున్న మంత్రం కూడా చదవాలి. అక్కడ 16 పేర్ల వరస ఒకటి వస్తుంది: సంజ్ఞానం, విజ్ఞానం, మేధ, దృష్టి, ధృతి, మతి, సంకల్పం, కామం, ఇలా. ఇవన్నీ ప్రజ్ఞానానికి పేర్లే అంటుంది. ఆ వరసలో స్మృతి కూడా ఉంది, 16లో ఒకటిగా. మేధ పక్కన, కోరిక పక్కన, ఊపిరి పక్కన. ఆ 16 అంతఃకరణం చేసే పనులని, వాటన్నిటి వెనకా ఉన్న ఎరుక ఒక్కటేనని శంకరుల వివరణ. ఒక పని ఆగిపోతే ఒక పేరు ఆగిపోతుంది. పేరు పెట్టించుకున్నది ఆగిపోయిందని ఉపనిషత్తు ఎక్కడా అనలేదు.

జబ్బు మొదట్లో అమ్మ తల పట్టుకుని "ఏదీ గుర్తు రావటం లేదు బాబూ, అంతా ఖాళీగా ఉంది" అనేది. ఆ ఖాళీ ఎవరికి తెలుస్తోంది? జ్ఞాపకానికి తెలియదు, అది లేదు కాబట్టే కదా బాధ. ఉన్నదాన్ని వెలిగించినట్టే లేకపోవడాన్నీ వెలిగించేది ఏదో ఉంది. అద్వైతులు సాక్షి అనేది దాన్నే. విద్యారణ్యులు పంచదశి అనే అద్వైత గ్రంథంలో దీన్ని చెప్పడానికి నాటకశాలలో దీపాన్ని చూపిస్తారు. యజమాని, సభ, నర్తకి ఉన్నంతసేపూ అందరినీ ఒకేలా వెలిగిస్తుంది. అందరూ లేచి వెళ్ళిపోయాకా అది వెలుగుతూనే ఉంటుంది. తెల్లవార్లూ ప్రహ్లాద నాటకం ఆడే గంజాం పల్లెల వాళ్ళకి ఈ పోలిక విడమరిచి చెప్పక్కర్లేదు.

అయితే ఇప్పుడు అమ్మ "గుర్తు రావటం లేదు" అని కూడా అనటం లేదు. మరిచిపోయానన్న సంగతే మరిచిపోయింది. వాదన ఇక్కడ నిలబడాలి, లేకపోతే మొదట్లో చెప్పింది వట్టి ఓదార్పే అవుతుంది.

మా వీధి రామమందిరంలో గీతాభాష్యం చెప్పే మాస్టారు ఒకరున్నారు. చాలా చదువుకున్నవారు, నాకు గౌరవం. ఆయన ముందు ఇదంతా అంటే గీత రెండో అధ్యాయం చూపించారు. "స్మృతిభ్రంశాద్ బుద్ధినాశో బుద్ధినాశాత్ ప్రణశ్యతి." జ్ఞాపకం చెదిరితే బుద్ధి నశిస్తుంది, బుద్ధి నశిస్తే మనిషి నశిస్తాడు. "భగవంతుడే అన్నాడు కదండీ" అన్నారు. శ్లోకం నిజమే, కానీ దాని ముందూ వెనకా చూడాలి. అది విషయాల మీద ధ్యాస, దానివల్ల కోరిక, కోరిక వల్ల కోపం, కోపం వల్ల మైకం అనే మెట్లలో వస్తుంది. అక్కడ స్మృతి అంటే శాస్త్రం, గురువు చెప్పిన మంచిచెడ్డల గుర్తు అని శంకరులే రాశారు. నశించడమంటే పురుషార్థానికి పనికిరాకుండా పోవడం. కోపంలో విచక్షణ తప్పినవాడి గురించిన మాట అది. మెదడులో కణాలు చచ్చిపోతున్న ముసలమ్మకి దాన్ని అంటగట్టడం న్యాయం కాదు.

నన్ను నిజంగా ఆపింది మాస్టారి ప్రశ్న కాదు, శంకరుల భాష్యమే. బ్రహ్మసూత్రాల్లో రెండో అధ్యాయం రెండో పాదంలో "అనుస్మృతేశ్చ" అని ఒక సూత్రం. క్షణక్షణానికీ మనిషి మారిపోతాడు, నిలకడగా ఉండే ఆత్మ అంటూ లేదు అనే బౌద్ధవాదానికి అక్కడ శంకరులు జవాబు చెప్తారు. నిన్న చూసినవాడు ఒకడు, ఇవాళ గుర్తుచేసుకునేవాడు వేరొకడు అయితే గుర్తు రావడం ఎలా కుదురుతుంది? "అది చూశాను, ఇది చూస్తున్నాను" అని ఒక్కడే అనగలగాలి కదా. కాబట్టి చూసినవాడూ గుర్తుచేసుకునేవాడూ ఒక్కడే.

బలమైన వాదన. కానీ చూడండి, ఆత్మ నిలకడకి ఆయన తెచ్చిన సాక్ష్యం జ్ఞాపకమే! అమ్మ దగ్గర ఆ సాక్ష్యం లేదు. "అది చూశాను, ఇది చూస్తున్నాను" అనే మాట ఆవిడ నోట రాదు. సాక్ష్యం పోతే కేసు కూడా పోయినట్టేనా? ఈ ప్రశ్న నన్ను చాలా రాత్రులు వదల్లేదు.

నాకు దొరికిన జవాబు ఇది. జ్ఞాపకం, ఆత్మ ఉందని అనుమానించేవాడికి చూపించే ఆధారం. ఆధారం లేనంత మాత్రాన వస్తువు లేకుండా పోదు. కొండ మీద పొగ కనిపించకపోతే నిప్పు లేదని తేలిపోదని తర్కం చదివిన పిల్లాడికి కూడా తెలుసు. పైగా అదే అధ్యాయం తరవాతి పాదంలో శంకరులు ఇంకో మాట అంటారు: ఆత్మకి వేరే ప్రమాణం అక్కర్లేదు, ప్రమాణాలన్నీ దాన్ని ఆనుకునే నడుస్తాయి. "ఆత్మ లేదు" అని తోసిపుచ్చేవాడు ఎవడో వాడి స్వరూపమే అది. "య ఏవ హి నిరాకర్తా తదేవ తస్య స్వరూపమ్." ఇక్కడ జ్ఞాపకం ప్రసక్తే లేదు. ఈ క్షణాన ఎరుక ఉండటమే చాలు. అమ్మకి చలేస్తే దుప్పటి లాక్కుంటుంది. పప్పులో ఉప్పు ఎక్కువైతే మొహం చిట్లిస్తుంది. మల్లెపూలు ఇస్తే వేళ్ళు వాటంతటవే మాల కడతాయి, మధ్యలో ఒకసారి వాసన చూసుకుని నవ్వుతుంది. ఆ వాసన ఎవరికో తెలుస్తోంది. అది ఐదు నిమిషాల తరవాత గుర్తుండకపోవచ్చు. తెలియడం మాత్రం తెలిసింది.

ఛాందోగ్యంలో ఇంద్రుడికి వచ్చిన అనుమానం కూడా ఇదే. ప్రజాపతి దగ్గర ఆత్మవిద్యకి ఇంద్రుడూ విరోచనుడూ వెళ్తారు. నీళ్ళలో కనిపించే ఒంటినే ఆత్మ అనుకుని విరోచనుడు తృప్తిగా వెళ్ళిపోతాడు. ఇంద్రుడు మాత్రం ప్రతిసారీ దారిలోంచి వెనక్కి వస్తాడు. గాఢనిద్రలో ఉన్నదే ఆత్మ అని ప్రజాపతి చెప్పినప్పుడు ఆయన అడ్డం తిరుగుతాడు: "ఆ స్థితిలో 'నేను ఫలానా' అని తనకే తెలియదు, ఎదుటివాళ్ళూ తెలియదు, నాశనమైపోయినట్టే ఉంది. ఇందులో నాకేం మేలు కనిపించటం లేదు." అచ్చంగా మా బంధువుల మాట. ప్రజాపతి ఆయన్ని కసరలేదు, ఇంకో ఐదేళ్ళు ఉండమన్నాడు. మొత్తం 101 ఏళ్ళు ఇంద్రుడు అక్కడ ఉన్నాడని ఉపనిషత్తు లెక్క చెప్తుంది. అంత తేలిగ్గా తెగే అనుమానం కాదు కాబట్టే అన్నేళ్ళు. బృహదారణ్యకంలో యాజ్ఞవల్క్యుడి జవాబు నాకు ఇంకా నచ్చుతుంది: నిద్రలో చూడకపోవడం చూసేవాడు లేక కాదు, చూసేవాడి చూపు ఎన్నడూ పోదు, చూడటానికి రెండోది లేదు అంతే. ప్రతి రాత్రీ మన పేరూ ఊరూ కథా అన్నీ పక్కన పడిపోతాయి. పక్క మీద నిద్రపోతున్న మనిషిని చూసి "ఈయన ఇప్పుడు ఈయన కాదు" అని ఎవరూ అనరు. పొద్దున్నే కథ తిరిగొస్తుందన్న నమ్మకంతో అనరేమో. తిరిగి రాదని తెలిసినచోట అనేస్తారు. అంటే మన దృష్టిలో మనిషి విలువ ఆ కథ తిరిగి రావడం మీద ఆధారపడి ఉంది. ఉపనిషత్తు ఒప్పుకోనిది సరిగ్గా దాన్నే.

ఇంకో వైపు నుంచి వచ్చే మాట కూడా ఉంది. "మీ అమ్మగారికి రాగద్వేషాలు లేవు, నాది నీది లేదు, జీవన్ముక్తురాలండీ" అని భక్తిగా చేతులు జోడించినవాళ్ళున్నారు. ప్రేమతో అన్నారు కానీ ఇది కూడా ఒప్పుకోలేను. అవిద్య, అంటే ఆత్మ గురించిన అజ్ఞానం, పోవడం వేరు, బుద్ధి అలిసిపోవడం వేరు. సాయంత్రం పొద్దువాలే వేళకి అమ్మకి భయం పట్టుకుంటుంది. "ఇంటికి పోవాలి, మా అమ్మ ఎదురుచూస్తుంది" అని గుమ్మం దగ్గర గొళ్ళెం లాగుతుంది, ఏడుస్తుంది. జ్ఞానికి భయం ఉండదు. "రెండోదాని వల్లనే భయం" అని బృహదారణ్యకం. అమ్మ లోపల రెండోది ఇంకా ఉంది, దానికి పేరు పెట్టే శక్తి మాత్రం లేదు. ఆ టెన్షన్‌ని మోక్షం అని పిలిస్తే ఆవిడ పక్కన ఎవరూ కూర్చోరు, దండం పెట్టి వెళ్ళిపోతారు.

పాపం సంగతి కూడా తేల్చాలి. గీత పదిహేనో అధ్యాయంలో "మత్తః స్మృతిర్జ్ఞానమపోహనం చ" అని ఉంది. జ్ఞాపకం, తెలివి, వాటిని కోల్పోవడం, మూడూ నా నుంచే అంటాడు కృష్ణుడు. ఈ శ్లోకం నాకు పెద్ద ఆసరా. గుర్తుండటం ఎవరి నుంచో, మరిచిపోవడం కూడా ఆయన నుంచే. మరిచిపోయినవాళ్ళు ఆయన బయట పడిపోలేదు. కానీ భాష్యంలో శంకరులు దీన్ని కర్మకి ముడిపెట్టారు: పుణ్యం చేసినవాళ్ళకి జ్ఞానస్మృతులు, పాపం చేసినవాళ్ళకి వాటి లోపం. శంకరుల మీద నాకున్న భక్తి తక్కువది కాదు, అయినా ఇక్కడ ఆయన వెంట వెళ్ళలేను. "ఏ జన్మలో ఏ పాపం చేసుకుందో" అని మంచం పక్కన నిలబడి నిట్టూర్చేవాళ్ళకి ఈ వాక్యం ఆయుధం అవుతుంది. మూలశ్లోకంలో పాపం అన్న మాట లేదు. నేను మూలం దగ్గరే ఆగుతాను.

ఇంక "ఆత్మకి ఏమీ కాదు కదా" అనే నిర్లక్ష్యం. పెద్ద ఊళ్ళో ఒక ఆసుపత్రికి అమ్మని తీసుకెళ్ళాం. అక్కడాయన అమ్మ ఎదురుగానే "ఈవిడకి ఏమీ తెలీదు, చేసేదేమీ లేదు" అని నాతో చెప్పి కాగితం రాసిచ్చారు. అమ్మ వైపు ఒక్కసారి కూడా చూడలేదు. వేదాంతం తెలిసినవాళ్ళు దాన్నే ఇంకాస్త అందంగా అంటారు, దేహం మిథ్య కాబట్టి ఎక్కువ హైరానా పడొద్దని. బ్రహ్మజ్ఞానం కలిగేదాకా వ్యవహారమంతా నిజమేనని శంకరులు తేటగా రాశారు. నా ఆకలి నాకు నిజమైనంతకాలం అమ్మ ఆకలీ నిజమే, పక్క మీద తడి నిజమే, వీపు మీద లేచిన పుండు నిజమే. నా షుగర్ మాత్రలు టైముకి వేసుకుంటూ అమ్మ జ్వరం దగ్గర మాయావాదం చెప్పడానికి నాకు హక్కు లేదు.

యాజ్ఞవల్క్యుడికీ ఆయన భార్య మైత్రేయికీ జరిగిన సంవాదం దగ్గరకి నేను మళ్ళీ మళ్ళీ వెళ్తుంటాను. అక్కడ ఒక చోట యాజ్ఞవల్క్యుడు "న ప్రేత్య సంజ్ఞాస్తి" అంటాడు, దేహం దాటాక సంజ్ఞ, అంటే తెలివి, ఉండదని. మైత్రేయి బెదిరిపోతుంది, "ఇక్కడే నన్ను అయోమయంలో పడేశారు" అంటుంది. శంకరులు అక్కడ వివరిస్తారు, పోయేది విశేషసంజ్ఞ అని: నేను ఫలానా, ఫలానావారి కొడుకుని, ఇది నా పొలం, ఇది నా డబ్బు, సుఖంగా ఉన్నాను, దుఃఖంగా ఉన్నాను అనే రకం తెలివి. అది చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. ఫలానావారి కొడుకుని, ఇది నా పొలం! మేం సరిహద్దులో జీవితమంతా చెప్పుకునేది అదే జాబితా. ఆ మంత్రం జ్ఞాని గురించి, అమ్మ గురించి కాదు, ఆ తేడా పైన చెప్పాను. కానీ ఆ జాబితా ఆత్మ కాదన్నది మాత్రం జ్ఞానికైనా, జబ్బు మనిషికైనా, నాకైనా ఒకటే.

అదే సంవాదంలో అందరూ స్వార్థమని పొరబడే వాక్యం ఉంది. భర్త కోసం భర్త ప్రియుడు కాడు, ఆత్మ కోసమే ప్రియుడు. కొడుకుల కోసం కొడుకులు ప్రియం కారు, ఆత్మ కోసమే. ఎవరి లాభం వాళ్ళదే అని దీన్ని చదివేవాళ్ళని చూశాను. నాకు అది అమ్మ మంచం దగ్గర వేరేగా అర్థమైంది. అమ్మ నన్ను కొడుకుగా ఎరగదు. నేను చేసే సేవకి కొడుకన్న పేరు రాదు, దీవెన రాదు, కనీసం "తిన్నావా" అన్న మాట రాదు. ప్రేమ ఆ వరస మీద నిలబడి ఉంటే ఈపాటికి అయిపోవాలి. అవలేదు. ఇద్దరి మధ్యా వరస తెగిపోయాక కూడా మిగిలిన ఆ ఇష్టం దేన్ని చూసి పుడుతోందో దాన్నే యాజ్ఞవల్క్యుడు ఆత్మ అన్నాడని నమ్ముతున్నాను. అది అమ్మలో ఒకటి, నాలో ఒకటి కాదన్నదే కదా ఆయన చెప్పినదంతా.

మా పక్కింటి ఒడియా ఆవిడ రోజూ వచ్చి "మావుసీ, ము ఆసిలి" (పిన్నీ, నేను వచ్చాను) అంటూ అమ్మ పక్కన కూర్చుంటుంది. ఆవిడ ఒడియాలో కూరల ధరలు చెప్తుంది, అమ్మ తెలుగులో ఎప్పటిదో వరికోతల సంగతి చెప్తుంది. ఇద్దరూ అరగంట మాట్లాడుకుంటారు. వేదాంతం చదివిన మా చుట్టాలకంటే ఈవిడకే విషయం బాగా తెలుసు.

మా ఇంటికొచ్చే మిగతావాళ్ళని అడిగేది కొంచెమే. "నన్ను గుర్తుపట్టావా, నేనెవరో చెప్పు చూద్దాం" అని పరీక్ష పెట్టకండి. మీ పేరు మీరే చెప్పండి, వరస కూడా మీరే కలపండి, పిన్నీ అనో అత్తా అనో వదినా అనో. అమ్మ ఉన్న గదిలో అమ్మ గురించి నాతో మాట్లాడకండి. ఏదైనా అడగాలంటే ఆవిడనే అడగండి, జవాబు రాకపోయినా, పొంతన లేనిది వచ్చినా. నన్ను అడగాల్సినవి, మందుల సంగతీ ఖర్చుల సంగతీ, వరండాలోకి వచ్చాక అడగండి.